టార్క్ పెంచకురా అల్లుడా

పోయిన వానాకాలంలో ఒక రాత్రి పదకొండు దాటాక మా మేనల్లుడు ఫోన్ చేశాడు. హనుమకొండలో మా గల్లీలో ఆ వేళకి కుక్కలు తప్ప ఎవరూ మేలుకుని ఉండరు. వాడు ఒక పెద్ద ప్లాంటులో కాంట్రాక్టు మీద టెక్నీషియన్‌గా చేరి అప్పటికి ఐదు నెలలు. ఏ ప్లాంటో చెప్పను. గోదావరి వెంట బొగ్గు మండించేవి, నీళ్లు ఎత్తిపోసేవి, ఎరువు చేసేవి, సిమెంటు చేసేవి చాలానే ఉన్నాయి, వాటిలో ఒకటి అనుకోండి.

"మామా, పండుకున్నవా?"

"పండుకుంటే ఫోనెట్ల ఎత్తుతరా? చెప్పు."

"గేట్ వాల్వు మామా. తెరుస్తాంటే నడుమల ఆగిపోతాంది. టార్క్ ఫాల్టు చూపిస్తాంది. మూడుసార్లు రీసెట్ కొట్టిన. డెస్క్ మీదికెళ్లి సారు ఒకటే తిట్టుడు. టార్క్ సెట్టింగు పెంచి ఇచ్చెయ్ అంటుండు. పెంచాల్నా?"

టార్క్ అంటే తిప్పే బలం, సెట్టింగు అంటే ఎంత బలం పడితే మోటారు ఆగాలన్న హద్దు. పెంచొద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆ రాత్రి రెండు ముక్కల్లో చెప్పాను. ఇరవై ఏడేళ్లు ఈ ఆక్చుయేటర్ల మూతలు విప్పి, వాటి గ్రీజు ఒంటికి పూసుకున్నవాడిని కాబట్టి ఇప్పుడు తీరిగ్గా చెప్పాలనిపిస్తోంది. ఈ విషయంలో నాకు పట్టు కాస్త ఎక్కువ. మా ఆవిడ దాన్ని 'ముదిరింది' అంటుంది.

ఈ పనిలో లేనివాళ్ల కోసం కాస్త మొదట్నించీ చెప్తాను. వాల్వు అంటే నల్లానే. మన వాకిట్లో నల్లాను మనిషెత్తుకు పెంచి, ఉక్కుతో పోతపోసి, 540 డిగ్రీల ఆవిరికో, ఊరికి పోయే తాగునీటి పైపుకో అడ్డం పెట్టారనుకోండి. దాన్ని చేత్తో మూయాలంటే వందలసార్లు తిప్పాలి. ఇద్దరు మనుషులకు అరగంట పని. అందుకే దాని నెత్తిన ఒక మోటారును కూర్చోబెడతారు. అదే ఎలక్ట్రిక్ ఆక్చుయేటర్. డ్యాంపర్ అంటే గాలికి, పొగకు పెట్టిన తలుపు. బట్టీలో పొగగొట్టానికి రేకు అడ్డం జరిపి మంట తగ్గించడం చూసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. 500 మెగావాట్ల యూనిట్ ఒక్కదాంట్లోనే ఇలాంటి మోటారు వాల్వులు, డ్యాంపర్లు వందల్లో ఉంటాయి. రామగుండం, చెల్పూరు, జైపూర్ల వైపు బస్సులో పోతూ పొగగొట్టాలను చూస్తాం. వాటి కింద ఇన్ని వందల తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయని ఎవరికి తోస్తుంది?

ఆక్చుయేటర్ లోపల పెద్ద మాయ ఏమీ లేదు. 415 వోల్టుల త్రీఫేజు మోటారు ఒకటి. అది తిప్పే వార్మ్ షాఫ్టు. ఆ వార్మ్ తిప్పే పళ్లచక్రం. చక్రం నడుమ కంచుతో చేసిన స్టెమ్ నట్టు. నట్టు తిరిగితే వాల్వు స్టెమ్, అంటే కొసకు గేటు (అడ్డుపలక) తగిలించిన మరల కడ్డీ, పైకో కిందికో జరుగుతుంది. కరెంటు పోతే చేత్తో తిప్పుకోవడానికి పక్కన ఒక చక్రం, దాన్ని కలపడానికి ఒక లివరు.

ఇంత ఇనుముకీ తెలిసేవి రెండే సంగతులు. తాను ఎన్ని చుట్లు తిరిగింది అన్నది ఒకటి, తిరగడానికి ఎంత బరువు పడుతోంది అన్నది రెండోది. మొదటిది లిమిట్ స్విచ్చు పని, రెండోది టార్క్ స్విచ్చు పని. లిమిటార్క్ అనే పాత కంపెనీ పేరులోనే ఈ రెండు మాటలూ ఉన్నాయి. ఇవాళ్టి రోటార్క్‌కి, ఔమాకి తెర, బ్లూటూత్, పాస్‌వర్డ్ అన్నీ వచ్చాయి. అయినా లోపల ఆ రెండు సంగతులే.

ఈ రెండింటిలో మొదటిది వాల్వు గురించి చెప్పదు. చుట్లు లెక్కపెట్టేది ఆక్చుయేటర్ తన సొంత గేర్లనుంచి. అంటే తానెంత తిరిగిందో చెప్తుంది తప్ప, కింద పైపులో ఉన్న గేటు ఎంత లేచిందో చూసి చెప్పదు. నట్టు మర అరిగిపోయినా, స్టెమ్ కొసకు గేటును పట్టి ఉంచే తల విరిగినా, పైన మోటారు మాత్రం తన చుట్లు తాను తిరిగి "తెరిచేశాను" అని కంట్రోల్ రూమ్‌కి కబురు పంపుతుంది. వాల్వు నుంచి నిజంగా పైకి వచ్చే కబురు ఒక్కటే, ఆ బరువు. గ్లాండు (స్టెమ్ చుట్టూ లీకు ఆపే ప్యాకింగును నొక్కి పట్టే భాగం) బిగిసినా, స్టెమ్ వంగినా, గేటు కింద వెల్డింగ్ ముక్క ఇరుక్కున్నా అది టార్క్‌గానే పైకి చేరుతుంది. టార్క్ సెట్టింగు పెంచేవాడు ఆ ఒక్క కబురునూ నరికేస్తున్నాడు. నా గోలంతా ఇదే.

ఈ బుద్ధి నాకు ప్లాంటులో రాలేదు. మా తాత నీరటి. పాకాల చెరువు కింద మా ఊరి వైపు కాలువలకు నీళ్లు వదిలేవాడు, కట్టేవాడు. కాకతీయుల నాటి చెరువుల తూములు మీరు చూసే ఉంటారు. నీళ్లలో రెండు రాతి స్తంభాలు, వాటి నడుమ కిందికి దిగే పొడుగాటి కట్టె, కట్టె కొసకు తూము కంతను మూసే బిరడా. మా తాత పనికి వచ్చేనాటికే చాలాచోట్ల వాటి స్థానంలో ఇనుప స్క్రూ షట్టర్లు వచ్చాయి. పైన హ్యాండిల్, కింద పలక. చిన్నప్పుడు నన్ను కట్ట మీద కూర్చోబెట్టి హ్యాండిల్ తిప్పేవాడు. ఒకసారి మూస్తూ మూస్తూ మధ్యలో ఆగిపోయాడు.

"ఏమైంది తాతా?"

"కట్టె అడ్డం వడ్డది."

నీళ్లు కనపడటమే లేదు, కింద ఏముందో ఎలా తెలిసిందని అడిగితే చెయ్యి చూపించాడు. హ్యాండిల్ అరిచేతికి చెప్పిందట. అక్కడ జోరు చేయలేదాయన. రెండు చుట్లు వెనక్కి తిప్పి పలక కాస్త లేపాడు. నీళ్లు ఉరికాయి. కాసేపు చూసి మళ్లీ మూశాడు. ఈసారి పలక నేల దాకా పోయింది. నీళ్లే కట్టెను కడిగి అవతల పడేశాయి.

ఇరవై ఏళ్ల తర్వాత నేను చేరిన ప్లాంటులో మా ఉస్తాద్ కూడా అచ్చంగా ఇదే చేయించాడు. మూస్తుండగా టార్క్ కొట్టి ఆగిన వాల్వును పది శాతం తెరిచి, ప్రవాహానికి సీటు (గేటు కూర్చునే చోటు) కడిగే అవకాశం ఇచ్చి, మళ్లీ మూయించాడు. ఆయనది మంచిర్యాల వైపు. పాకాల చూసి ఉండడు. మా తాత మేర కింద కల్లంలో కొలిచిన వడ్లు తీసుకున్నాడు, ఉస్తాద్ నెలజీతం తీసుకున్నాడు, ఇద్దరి చేతికీ తెలిసింది ఒకటే.

ఆ అరిచెయ్యి ఆక్చుయేటర్‌లో ఎక్కడుందో చూపిస్తే కొత్త పిల్లలకు భలే హుషారొస్తుంది. వార్మ్ షాఫ్టు ఉన్నచోటే గట్టిగా బిగించి ఉండదు. దాన్ని అటూ ఇటూ కూర్చోబెట్టి పట్టేవి పళ్లేల్లాంటి ఉక్కు స్ప్రింగులు. వాల్వు సుళువుగా తిరిగినంతసేపూ వార్మ్ కదలకుండా చక్రాన్ని తిప్పుతుంది. వాల్వు మొరాయిస్తే చక్రం తిరగనంటుంది. మోటారు మాత్రం తిప్పుతూనే ఉంటుంది. అప్పుడు వార్మ్ తానే స్క్రూలాగా పక్కకు జరిగి స్ప్రింగును నొక్కుతుంది. ఆ కాస్త జరుగుడే టార్క్ స్విచ్చును తట్టి మోటారును ఆపుతుంది. ఎంత జరిగితే ఆపాలన్నదే సెట్టింగు. కొత్త మోడళ్లలో కొన్ని స్విచ్చు బదులు సెన్సారుతో కొలుస్తాయి. పని అదే.

ఇక దీపాల సంగతి. మా పవర్ హౌసుల్లో ఎర్రదీపం అంటే తెరిచి ఉంది, పచ్చదీపం అంటే మూసి ఉంది. రోడ్డు మీది సిగ్నల్‌కి అలవాటు పడ్డ పిల్లలు మొదటి వారం తికమకపడతారు, తర్వాత ఆ దీపాలను దేవుడి దీపాల్లా నమ్మేస్తారు. ఆ నమ్మకమే ప్రమాదం.

1979 మార్చి 28న తెల్లవారుజామున అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రం రెండో యూనిట్‌లో జరిగింది ఇదే జాతి తప్పు. రియాక్టర్ ఒత్తిడి దించే వాల్వు ఒకటి తెరుచుకుని, మళ్లీ మూసుకోవలసిన వేళ ఇరుక్కుపోయింది. బోర్డు మీద దీపం ఆరింది. ఆపరేటర్లు మూసుకుందనుకున్నారు. ఆ దీపం చెప్పింది వాల్వు సంగతి కాదు, దాన్ని నడిపే సోలనాయిడ్‌కి (కరెంటు అయస్కాంతానికి) కరెంటు ఆగిందన్న సంగతి మాత్రమే. రెండు గంటలకు పైగా చల్లదనాన్నిచ్చే నీళ్లు ఆ దారినే పోయాయి. రియాక్టర్ లోపలి ఇంధనం సుమారు సగం కరిగింది. అది మోటారు ఆక్చుయేటర్ కాదు, నిజమే. కానీ ఆజ్ఞకు, జరిగినదానికి మధ్య తేడా చూపని దీపం ఎంత చెరుపు చేస్తుందో చెప్పడానికి దానికంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

నాది చిన్నది. ఒక ప్లాంటులో బొగ్గు మిల్లుకు పోయే వేడిగాలి డ్యాంపర్. బొగ్గును పొడి చేస్తూనే ఆరబెట్టాలి కాబట్టి మిల్లులోకి వేడిగాలి పంపుతారు. లోపలికి పోయే గాలి 300 డిగ్రీలకు దగ్గర్లో ఉంటుంది, బయటికొచ్చే బొగ్గుపొడి, గాలి కలిసిన మిశ్రమాన్ని మాత్రం 70, 90 డిగ్రీల మధ్య ఉంచాలి. దాటితే మిల్లులోనే బొగ్గు అంటుకుంటుంది. ఆ రోజు మిల్లు వేడి పెరుగుతూ పోయింది. కంట్రోల్ రూమ్ డెస్క్ మీదున్నాయన వేడిగాలి డ్యాంపర్‌ను 40 నుంచి 10 శాతానికి తెచ్చాడు. తెర మీద 10 అని చక్కగా చూపించింది. వేడి మాత్రం ఆగలేదు. వేడి కొలిచే థర్మోకపుల్ పోయి ఉంటుందని నన్ను పిలిచారు. తెర మీద అంకె తప్పయితే ముందు నా మీదికే వస్తుంది, అది మా శాఖ తలరాత.

నేను థర్మోకపుల్ దగ్గరికి పోలేదు, డ్యాంపర్ దగ్గరికి పోయాను. ఆక్చుయేటర్ లివరు 10 శాతం దగ్గర బుద్ధిగా నిలబడి ఉంది. దానికి డ్యాంపర్‌ను కలపాల్సిన లింకు కడ్డీ గాల్లో వేలాడుతోంది. పిన్ను జారిపోయింది. పిన్ను పడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ను స్థానంలో ఎవరో ఎప్పుడో బైండింగ్ వైరు చుట్టారు, ఆ వైరు వేడికీ అదురుకీ తెగింది. డ్యాంపర్ రెక్క తన ఇష్టం వచ్చిన చోట ఉంది. ఐసోలేషన్ గేటు మూసి, మిల్లు ఆపాం. ఎవరికీ ఏమీ కాలేదు. రూపాయి విలువ చేయని పిన్ను అది.

గమనించండి, అక్కడ టార్క్ కూడా కబురు చెప్పింది. అంతకు ముందు వరకు ఆ డ్యాంపర్ తిప్పడానికి బరువు పడేది, బూడిదతో బేరింగులు పట్టేసి ఉండేవి. లింకు ఊడిన క్షణం నుంచి ఆక్చుయేటర్ గాల్లో చెయ్యి ఊపినట్టు హాయిగా తిరిగింది. బరువు ఉన్నట్టుండి తగ్గడం కూడా ఒక ఫిర్యాదే. దాన్ని వినే అలవాటు ఎవరికీ లేదు, ఎందుకంటే బరువు తగ్గితే ట్రిప్ కాదు.

ఇప్పుడు పెంచుడు సంగతి. ఇది ఎలా మొదలవుతుందో చెప్తాను, ఏ ప్లాంటు వాళ్లయినా నవ్వుకుంటారు. వాల్వు గ్లాండు నుంచి ఆవిరి కారుతుంది. మెకానికల్ వాళ్లకు కంప్లైంట్ పోతుంది. ప్యాకింగు మార్చాలంటే లైను ఆపాలి, ఆపనివ్వరు. ఫిట్టరు వచ్చి రెండు గ్లాండు బోల్టులూ గట్టిగా బిగిస్తాడు. లీకు ఆగింది, రిజిస్టర్లో 'సరిచేయడమైనది' అని రాసి సంతకం పెట్టి పోతాడు. మర్నాడు వాల్వు టార్క్ మీద ఆగుతుంది. ఈసారి కంప్లైంట్ ఎలక్ట్రికల్‌కి. "మీ మోటారు పని చేస్తలేదు." ఎలక్ట్రికల్ వాడు వచ్చి మోటారు బాగానే ఉందని, టార్క్ కాస్త పెంచి పోతాడు. వాడూ 'సరిచేయడమైనది' అని రాస్తాడు. ఇద్దరూ అబద్ధం రాయలేదు. వాల్వు మాత్రం రెండు దెబ్బలు తిన్నది.

పెంచితే ఏమవుతుంది, మోటారుకి బలముంది కదా అంటారు. లెక్క చూడండి. 36 మిల్లీమీటర్ల స్టెమ్, 6 మిల్లీమీటర్ల మర అనుకుందాం. గ్రీజు బాగా ఉన్నప్పుడు దాని మీద 200 న్యూటన్ మీటర్ల టార్క్ పెడితే గేటు మీద సుమారు ఐదున్నర టన్నుల తోపుడు వస్తుంది. అదే స్టెమ్ ఎండి, బొగ్గుపొడి పట్టి ఉంటే ఆ 200 న్యూటన్ మీటర్లలో ఇంకా ఎక్కువ భాగం మర రాపిడికే పోయి, గేటుకు చేరేది నాలుగు టన్నులు కూడా ఉండదు. వాల్వు సరిగా కూర్చోదు, పాస్ అవుతుంది, అంటే లోపల కారుతూనే ఉంటుంది. అప్పుడు టార్క్ 300 చేస్తారు. మళ్లీ ఐదున్నర టన్నులు వచ్చాయి, వాల్వు మూసుకుంది, అందరూ ఖుషీ. మూడు నెలలకు షట్‌డౌన్ వస్తుంది. ఎవరో పనిమంతుడు స్టెమ్ అంతా తుడిచి కొత్త గ్రీజు పూస్తాడు. సెట్టింగు 300 దగ్గరే ఉంది. తర్వాతిసారి మూసినప్పుడు గేటు మీద పడేది ఎనిమిది టన్నులకు పైనే. మేకులా సీట్లోకి దిగి కూర్చుంటుంది. వచ్చేసారి రాదు.

నేను కళ్లారా చూసిన స్టెమ్ ఇలాగే వంగింది. మంచి పని చేసినవాడి మీద పడింది నింద. గ్రీజు పూసిన కుర్రాడిని పిలిచి, "నువ్వే ఏదో చేసినవ్, నిన్నటిదాక మంచిగుండె" అన్నారు. మూడు నెలల కింద స్క్రూడ్రైవరుతో టార్క్ ముల్లు తిప్పిన మనిషి అప్పటికి వేరే సెక్షన్‌లో ఉన్నాడు. నాకు ఆ మనిషి ఎవరో తెలుసు. నేను నోరు తెరవలేదు. అప్పట్లో నాకూ చిన్న పిల్లలు, వాడూ నా పై అధికారే. ఆ కుర్రాడికి ఒక ఇంక్రిమెంటు పోయింది.

ఆగిన చోటు కూడా రోగం పేరు చెప్తుంది, వినే ఓపిక ఉండాలి. మూసిన వాల్వు తెరవడం మొదలుపెట్టగానే ఆగిందంటే గేటు సీట్లో పట్టేసింది. వేడి మీదున్నప్పుడు మూసి, లైను చల్లారాక తెరవబోతే వాల్వు ఒళ్లు బిగుసుకుని గేటును పట్టుకోవడం మామూలే. అందుకే కొందరు పాత ఆపరేటర్లు లైను చల్లారుతుండగా వాల్వును ఒకసారి కాస్త లేపి మళ్లీ కూర్చోబెడతారు. సీటు విడిపించుకోవడానికి కష్టం పడుతుందని తయారీదారుకూ తెలుసు కాబట్టి, తెరిచే మొదటి కొద్ది శాతం టార్క్ స్విచ్చును పట్టించుకోకుండా దాటవేసే ఏర్పాటు ఉంటుంది. సగంలో ఆగితే గ్లాండో, వంగిన స్టెమ్మో. పూర్తిగా తెరుచుకునే చివర్లో ఆగితే లిమిట్ తప్పుగా పెట్టారు, స్టెమ్ పైన బోనెట్‌కి, అంటే వాల్వు మూతకి, గుద్దుకుంటోంది. మా అల్లుడు ఫోన్లో "నడుమల" అన్న ఒక్క మాటతో నాకు సగం తెలిసిపోయింది.

నా వాదానికి ఎదురుగా ఒక బలమైన ఉదాహరణ ఉంది, దాచితే న్యాయం కాదు. 1985 జూన్ 9న అమెరికాలోనే డేవిస్-బెస్సీ అణు కేంద్రంలో బాయిలర్లకు పోయే నీళ్లు మొత్తం ఆగిపోయాయి. గాభరాలో ఒక ఆపరేటర్ తప్పు బటన్లు నొక్కితే అత్యవసర నీటి వాల్వులు మూసుకున్నాయి. మళ్లీ తెరవమంటే తెరుచుకోలేదు. అటు ఇటు ఒత్తిళ్ల తేడా ఎక్కువ, సీటు విడిపించుకోవడానికి బలం కావాలి. నేను ఇందాక చెప్పిన దాటవేత అక్కడ చాలా తక్కువగా పెట్టి ఉండటంతో టార్క్ స్విచ్చు అడ్డుపడి మోటారును ఆపేసింది. మనుషులు పరుగెత్తి చేతి చక్రాలతో తెరిచారు. "చూశావా, టార్క్ స్విచ్చే కొంప ముంచబోయింది" అని నాతో వాదించిన ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. చదువుకున్నవాడు, వరంగల్ ఆర్‌ఈసీలోనే.

ఒప్పుకుంటాను. సెట్టింగు తక్కువ ఉండటమూ తప్పే. ఎప్పుడూ పెంచకూడదని నేను అనడం లేదు. కానీ ఆ తర్వాత వాళ్ల నియంత్రణ సంస్థ ఏం చేసిందో కూడా చెప్పాలి కదా. అన్ని చోట్లా టార్క్ పెంచుకోండి అనలేదు. 1989లో ఒక లేఖ పంపి, భద్రతకు సంబంధించిన ప్రతి మోటారు వాల్వుకూ నిజమైన పరిస్థితిలో ఎంత తోపుడు కావాలో లెక్క కట్టండి, సెట్టింగు దానికి సరిపడా ఉందో లేదో వీలైన చోటల్లా అసలు ఒత్తిడి మీదే పరీక్షించండి, మళ్లీ మళ్లీ చూసుకోండి అంది. లెక్క కట్టి, కొలిచి, కాగితం మీద పెట్టి పెంచడం ఒకటి. రాత్రి రెండింటికి డెస్క్ నుంచి తిట్లు పడలేక పెంచడం ఇంకొకటి. మన దగ్గర రెండోదే నేను చూశాను. ఏ వాల్వుకు అసలు సెట్టింగు ఎంతో డేటా షీటు ఉంటుంది, స్టోర్స్ బీరువాలో. బీరువా తాళం రాత్రి షిఫ్టులో ఎవరి దగ్గరా ఉండదు.

ఊళ్లో మా అన్నకు ఈ సంగతంతా చెప్తే నవ్వాడు. "గిండ్ల కొత్తేముంది? నా బోరు మోటరు సుత గంతే." నిజమే. బేరింగు పోయి మోటారు ఎక్కువ కరెంటు లాగితే స్టార్టర్లో ఓవర్‌లోడ్ రిలే పడుతుంది. పడుతోందని దాని నాబ్ తిప్పి పెంచుతారు, లేకపోతే రిలేనే తప్పించి వైరు కలిపేస్తారు. ఎండాకాలం నర్సంపేట రోడ్డులో వైండింగు దుకాణాల ముందు వరుసకట్టిన మోటార్లు ఎక్కడివనుకున్నారు? 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయండని ఊరూరా చెప్పారు. మా అన్న తీయలేదు. కరెంటు రాగానే తనంతట తాను నడవడం దానికి తెలుసు, మడి నిండిందో లేదో దానికేం తెలుసు అంటే, "రాత్రిపూట పాముల్లవడి పోయేది నువ్వా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. చీకట్లో పొలానికి పోయేవాడి కష్టం, వేడి గొట్టాల నడుమ వంద మెట్లెక్కి చక్రం తిప్పేవాడి కష్టం నేను కాదనను. మోటారు పెట్టడం తప్పని నేను ఎన్నడూ అనలేదు. పెట్టండి, అన్నిటికీ పెట్టండి. మోటారు పెట్టాం కదా అని, రోజుకొకసారి ఆ వాల్వు పక్కనుంచి నడిచిపోయే మనిషిని తీసేస్తున్నారే, దాని మీదే నా తగాదా.

ఇంకో నాలుగు మాటలు చకచకా. కేబులు విప్పి మళ్లీ బిగించినప్పుడు రెండు ఫేజులు తారుమారైతే తెరవమన్నప్పుడు మూస్తుంది. పాత ఆక్చుయేటర్లలో అప్పుడు ఆపాల్సిన స్విచ్చు తప్పు వైపుది కాబట్టి ఏదీ ఆపదు, స్టెమ్ పోతుంది. అందుకే మొదటిసారి నడిపేముందు చేత్తో వాల్వును సగానికి తెచ్చి, లోకల్‌లో (కంట్రోల్ రూమ్ నుంచి కాక అక్కడి బటన్లతోనే నడిచేలా) పెట్టి, ఒక్కసారి తట్టి చూడాలి. కొత్తవాటిలో ఫేజు సరిచూసుకునే ఏర్పాటు ఉంది. వానాకాలం లోపల చెమ్మ పట్టకుండా చిన్న హీటరు ఉంటుంది, దాని సప్లై ఆపేసి 'ఆదా' చేసినవాళ్లను చూశాను. చేతి చక్రానికి ఎఫ్-కీ (చక్రాన్ని జోరుగా తిప్పే పొడుగు పిడి) తగిలించి ఇద్దరు వేలాడటం అయితే నేరం కింద లెక్క. టార్క్ స్విచ్చు మోటారునే ఆపుతుంది, ఇద్దరు పహిల్వాన్లను ఆపలేదు. నీళ్ల పైపుల మీది బటర్‌ఫ్లై వాల్వుల వేగం ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఉక్కు పైపులో సెకనుకు 1 మీటరు వేగంతో పోతున్న నీళ్లను ఉన్నపళాన ఆపితే సుమారు 100 మీటర్ల నీటి ఎత్తంత ఒత్తిడి అదనంగా పుడుతుంది. ఎత్తిపోతల పంపుల దగ్గర పనిచేసినవాళ్లకు ఆ చప్పుడు తెలుసు. కరెంటు పోతే ఎలక్ట్రిక్ ఆక్చుయేటర్ ఉన్నచోటే ఆగిపోతుంది కాబట్టి, తప్పకుండా మూసుకోవాల్సిన చోట బరువుతోనో స్ప్రింగుతోనో మూసుకునేవి పెడతారు.

కొత్త ఆక్చుయేటర్లు మాత్రం నాకు భలే ఇష్టం. ప్రతిసారి తెరిచినప్పుడూ మూసినప్పుడూ ఎంత టార్క్ పడిందో లోపలే రాసుకుంటాయి. ఆర్నెల్ల కింద 30 శాతంతో తెరిచిన వాల్వు ఇవాళ 38తో తెరుస్తోందంటే, ట్రిప్ కాకముందే గ్లాండు సంగతి తెలిసిపోతుంది. మా తాత అరిచెయ్యికి జ్ఞాపకశక్తి వచ్చినట్టు. అంత డబ్బు పోసి కొని, ఆ లాగ్ తీసి చూసినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఫాల్టు వచ్చినప్పుడు సెట్టింగు పెంచడానికి మాత్రం అందరూ ఆ తెర తెరుస్తారు.

ఆ రాత్రికి వద్దాం. అల్లుడిని వాల్వు దగ్గరికే పొమ్మన్నాను. "టార్చి గ్లాండు మీద కొట్టి ఫోటో పంపు" అన్నాను. పావుగంటకు వచ్చింది ఫోటో. గ్లాండు పలక ఒకవైపు దిగి, ఒకవైపు లేచి ఉంది. ఒక బోల్టు మర కొస దాకా బిగించారు, రెండోది అలాగే వదిలేశారు. పలక వంకరగా దిగి స్టెమ్‌ను ఒరుసుకుంటోంది, ఒరుసుకున్న చోట స్టెమ్ మీద మెరుపు గీత కూడా ఫోటోలో కనపడుతోంది.

బోల్టు నువ్వు ముట్టకు, అది వేడి లైను, మెకానికల్ వాళ్లను పిలిపించి పర్మిట్ తీసుకున్నాకే చేయించు అన్నాను. గంటన్నర పట్టింది. వాళ్లొచ్చి రెండు బోల్టులూ సమం చేశారు. వాల్వు పాత సెట్టింగు మీదే, 40 శాతం టార్క్ మీదే, నిండుగా తెరుచుకుంది. కాస్త ఆవిరి చెమ్మ కనిపిస్తోందట, ప్యాకింగు మార్చాలని రాయించాడు. వాడి గొంతులో సంతోషం నాకు నిద్ర పట్టనివ్వలేదు.

"మామా, లాగ్ బుక్కుల ఏం రాయాలె?"

"గ్లాండు ఒక పక్కకు బిగించి ఉండె, సమం చేయించినం, టార్క్ సెట్టింగు మార్చలేదు అని రాయి. 40 అని అంకె సుత వెయ్యి."

రాశాడు. ఫోటో తీసి పంపాడు కూడా.

తొమ్మిది రోజుల తర్వాత పగటిపూట ఫోన్. "మామా, ఊకెనే సెట్టింగు తెరిచి చూసిన. 60 ఉంది."

"ఎవలు పెంచిండ్రు?"

"ఎట్ల తెలుస్తది మామా. అందరికీ ఒకటే పాస్‌వర్డ్."